ఎవరూ మరిచిపోనివ్వని దెబ్బ

బంతి పట్టుకుని పరిగెత్తేవాడికి పేరొస్తుంది. బంతి విసిరేవాడికి ఇంకా పెద్ద పేరొస్తుంది. వాళ్లని ఆపేవాడి పేరు ఇంట్లోవాళ్లకీ, పక్క లాకర్‌వాడికీ తప్ప ఎవరికీ పట్టదు. ఆపేవాడు కూడా జనం నోళ్లలో నానాలంటే ఎదుటి జట్టువాడు ఎవడో ఒకడు పడిపోవాలి, పడినవాడు లేవకూడదు. కెనడా ఫుట్‌బాల్‌లో డిఫెన్స్ ఆడి ఇంటింటా తెలిసినవాళ్లు కొద్దిమంది. అందులో ఆంజెలో మాస్కా పేరు ముందుంటుంది. అతనికి ఆ పేరు వచ్చింది ఈ దారిలోనే. వచ్చాక అది అరవై ఏళ్ల పాటు వదల్లేదు.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం అనుకునే కాలి ఆట కాదు. అమెరికా వాళ్లు హెల్మెట్లు పెట్టుకుని ఆడేదానికి దాయాది. మైదానం పొడవు 110 గజాలు, వెడల్పు 65, జట్టుకి 12 మంది. పది గజాలు ముందుకు పోవడానికి అమెరికాలో నాలుగు అవకాశాలిస్తారు, కెనడాలో మూడే. చూసేవాడికి పెద్దగా కనబడని తేడా ఇంకొకటుంది. అమెరికా ఆటలో రెండు వరుసలూ ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గరగా నిలబడతాయి. కెనడాలో డిఫెన్స్ ఒక గజం వెనక్కి ఉండాలి. గజమే కదా అనిపిస్తుంది. మూడు వేళ్లు నేలకానించి వంగి కూర్చున్న 125 కిలోల మనిషికి బంతి కదలగానే ఆ గజంలో ఒక పెద్ద అంగ పడుతుంది, ఒంట్లోకి ఊపొస్తుంది. ఎదురుగా ఉన్నవాడిని ఆ ఊపుతోనే గుద్దుతాడు. ఆట ఆటకీ కొన్ని పదుల సార్లు ఇదే పని. హెల్మెట్ పుర్రెను కాపాడుతుంది. లోపల మెదడు కదిలిపోకుండా ఆపడం దానివల్ల కాదు. ఆ రోజుల్లో ఈ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. తల దిమ్మెక్కినవాడి ముక్కు కింద ఘాటు మందు పెట్టి, ఇవి ఎన్ని వేళ్లని అడిగి, సరిగ్గా చెబితే మళ్లీ మైదానంలోకి తోసేవాళ్లు.

మాస్కా ఈ పని చేసే డిఫెన్సివ్ టాకిల్. ఎత్తు 6 అడుగుల 4 అంగుళాలు, బరువు 275 పౌండ్లు. ఇప్పుడైతే లైన్‌లో ఆడేవాడికి అది మామూలు కొలతే, 1950ల్లో మాత్రం జనం తలతిప్పి చూసేవాళ్లు.

పుట్టింది 1937 ఫిబ్రవరి 13న, అమెరికాలో బోస్టన్ పక్కనున్న వాల్థమ్ ఊళ్లో. ఒకప్పుడు గడియారాల ఫ్యాక్టరీకి పేరుపడ్డ ఊరది. తండ్రి ఇటాలియన్ వంశం వాడు. ఇల్లు పేదది, ప్రశాంతత లేనిది. ఒడ్డూ పొడుగూ చూసి నోటర్ డామ్ యూనివర్సిటీ ఫుట్‌బాల్‌కి తీసుకుంది. పాల్ హార్నంగ్ దేశంలోకెల్లా ఉత్తమ కాలేజీ ఆటగాడిగా హైస్‌మన్ ట్రోఫీ అందుకున్న 1956 సీజన్‌లో అదే జట్టులో ఉన్నాడు. చదువు మాత్రం పూర్తి కాలేదు. మాస్కా నియమాలకు లొంగే రకం కాదు. 1958లో హామిల్టన్ టైగర్ క్యాట్స్ పిలిస్తే ఉత్తరానికి వెళ్లిపోయాడు. కెనడియన్ ఫుట్‌బాల్ లీగ్ ఆ పేరుతో పుట్టిందీ ఆ ఏడాదే. మరుసటి ఏడు అమెరికా లీగ్‌లోని ఫిలడెల్ఫియా ఈగిల్స్, కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, ముప్ఫయ్యో రౌండ్‌లో అతని పేరు రాసుకున్నారు. ముప్ఫయ్యో రౌండ్ అంటే మర్యాద కోసం అడిగినట్టే. అతను వెళ్లలేదు.

హామిల్టన్ గురించి రెండు ముక్కలు చెప్పకపోతే ఈ మనిషి అర్థం కాడు. ఒంటారియో సరస్సు ఒడ్డున ఉక్కు నగరం. స్టెల్కో, డోఫాస్కో కొలుములు రేవు పొడుగునా పొగ చిమ్ముతుండేవి. స్టేడియం కార్మికుల ఇళ్ల మధ్యలోనే ఉండేది, షిఫ్టు దిగి నడిచి వచ్చి ఆట చూసేవాళ్లు. బస్సులో గంట ప్రయాణం దూరంలో టొరంటో ఉంది, అక్కడ బ్యాంకులూ సూట్లూ. హామిల్టన్ వాళ్లకి టొరంటో అంటే ఒళ్లుమంట. సొగసుగా ఆడేవాళ్లు వాళ్లకి అక్కర్లేదు. పసుపూ నలుపూ జెర్సీ తొడుక్కుని టొరంటో వాడిని నేలకేసి కొట్టేవాడు కావాలి. మాస్కా వాళ్లకి దొరికిన వరం. వాళ్లూ అతనికి దొరికిన వరమే అనాలి, ఎందుకంటే అతని మొరటుతనాన్ని తప్పుగా చూడని ఊరు అతని జీవితంలో అదొక్కటే.

రెండేళ్లయ్యాక అతన్ని ఒట్టావాకి పంపించేశారు. అక్కడ 1960లో ఎడ్మంటన్‌ను 16-6తో ఓడించి తొలి గ్రే కప్ గెలిచాడు. గ్రే కప్ అంటే లీగ్ ఫైనల్. 1909లో ఎర్ల్ గ్రే అనే గవర్నర్ జనరల్ ఇచ్చిన వెండి కప్పు పేరు మీదుగా దేశమంతా పండగలా జరుపుకునే రోజు. తర్వాత మాంట్రియల్‌లో కొద్దికాలం, 1962లో మళ్లీ హామిల్టన్. ఆ ఏటి ఫైనల్ టొరంటోలో. సరస్సు మీదనుంచి పొగమంచు కమ్మి బంతి కనబడక, ఆటను మధ్యలో ఆపేసి, మిగిలిన తొమ్మిది నిమిషాల చిల్లర మర్నాడు ఆడించారు. విన్నిపెగ్ ఒక్క పాయింటు తేడాతో గెలిచింది, 28-27. మాస్కా మొత్తం తొమ్మిది గ్రే కప్‌లు ఆడాడు, అయిదు గెలిచాడు. లీగ్ చరిత్రలో ఇన్ని ఫైనల్స్ చూసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా జనం గుర్తుపెట్టుకున్నది ఆ తొమ్మిదిట్లో ఒకదాన్ని, అందులోనూ ఒక్క సెకనుని.

1963 నవంబర్ 30, వాంకూవర్ ఎంపైర్ స్టేడియం. పక్క దేశంలో కెనెడీ హత్య జరిగి ఎనిమిది రోజులే అయింది. హామిల్టన్ ఎదురుగా సొంత గడ్డ మీద బీసీ లయన్స్. వాళ్ల క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు, జో కాప్; తలబిరుసు మనిషి, పక్కన ఆడేవాళ్లకి ప్రాణమిచ్చే రకం. వాళ్ల ఆశంతా విల్లీ ఫ్లెమింగ్ మీద. మాస్కా కంటే చాలా చిన్న మనిషి, చేతికి చిక్కేవాడు కాదు. ఆ సీజన్‌లో 1,234 గజాలు పరిగెత్తాడు. బంతి అందుకున్న ప్రతిసారీ సగటున 9.7 గజాలు. మూడు అవకాశాల్లో పది గజాలు పోవలసిన ఆటలో ఒక్కడే ఒక్కసారికి దాదాపు పది పోతున్నాడంటే, అతన్ని ఆపకుండా ఫైనల్ గెలవడం హామిల్టన్‌కి కలలో మాట.

రెండో క్వార్టర్‌లో ఫ్లెమింగ్ పక్క గీత వైపు పరిగెత్తాడు. అప్పటికే ఒకడు పట్టేశాడు, ఫ్లెమింగ్ కింద పడుతున్నాడు. మాస్కా అటునుంచి దూసుకొచ్చి మీద పడ్డాడు. ఆ బరువంతా వచ్చి తల దగ్గర పడింది. రెఫరీ జెండా విసరలేదు, పెనాల్టీ లేదు. ఫ్లెమింగ్ మళ్లీ ఆ ఆటలోకి రాలేకపోయాడు. హామిల్టన్ 21-10తో గెలిచింది. ఆట ముగిశాక మాస్కాతో చెయ్యి కలపడానికి కాప్ ఒప్పుకోలేదు.

ఆ దెబ్బ న్యాయమా, అన్యాయమా? వాంకూవర్‌లో అడిగితే ఒక జవాబు, హామిల్టన్‌లో ఇంకొకటి. తాను అప్పటికే గాల్లోకి లేచిపోయానని, గాల్లో ఉన్న మనిషి దిశ మార్చుకోలేడని మాస్కా బతికినన్నాళ్లూ వాదించాడు. పడిపోతున్నవాడి మీదికి కావాలనే వచ్చాడని లయన్స్ వాళ్ల వాదన. భీముడు దుర్యోధనుడి తొడ మీద కొట్టిన దెబ్బ గురించి బలరాముడొకటి అన్నాడు, కృష్ణుడొకటి అన్నాడు; ఆ తగువు ఇన్ని వేల ఏళ్లయినా తీరలేదు, ఇదెలా తీరుతుంది? నా మట్టుకు నాకు అది ఆలస్యమైన దెబ్బే. దానితో పాటు ఇంకొకటీ అనిపిస్తుంది. జట్టు అతన్ని తీసుకున్నదే అలాంటి దెబ్బల కోసం, చప్పట్లు కొట్టిన జనం టికెట్టు కొన్నదీ అందుకే. తప్పు దొర్లినప్పుడు మాత్రం దాన్ని ఒక్కడి స్వభావం కింద రాసేశారు.

మరుసటి ఏడు అవే రెండు జట్లు టొరంటోలో మళ్లీ తలపడ్డాయి. ఫ్లెమింగ్ 46 గజాల పరుగుతో టచ్‌డౌన్ చేశాడు, లయన్స్ 34-24తో గెలిచారు. ఆట లెక్కలో పగ తీరినట్టే. ఫ్లెమింగ్ మనసులో ఏముందోగానీ, కాప్ మనసులో అది తీరలేదు.

మాస్కా ఆ చెడ్డపేరును దులుపుకోవడానికి ప్రయత్నించి ఉండొచ్చు. ఇంకొకడైతే క్షమాపణ చెప్పేవాడు, లేదా నోరు మూసుకుని కాలం గడిపేవాడు. అతను దాన్ని అమ్మకానికి పెట్టాడు. ఆ కాలంలో ఫుట్‌బాల్ జీతం మీద ఏడాది గడవదు. సీజన్ అయిపోగానే ఒకడు కార్లు అమ్మేవాడు, ఒకడు బీమా పాలసీలు అమ్మేవాడు. మాస్కా రెజ్లింగ్ రింగ్‌లోకి దిగాడు. పేరు ‘కింగ్ కాంగ్’ మాస్కా. రింగ్‌లో ఇద్దరుంటారు: జనం కేకలు వేసి గెలిపించుకునేవాడు, జనం తిట్టుకునేవాడు. తిట్లు తినేవాడికి పనెక్కువ. ఎదుటివాడిని మంచివాడిగా నిలబెట్టేదే అతను. కళ్లలో వేళ్లు పొడవాలి, రెఫరీ అటు తిరగ్గానే కుర్చీ ఎత్తాలి, జనం ఉమ్మేస్తే ఇంకా రెచ్చగొట్టాలి. మాస్కాకి ఇవన్నీ నేర్పక్కర్లేకపోయింది. వాంకూవర్‌లో అతని పేరు చెబితే చాలు, హాలు నిండేది. కొట్టించుకుంటుంటే చూడాలని వచ్చేవాళ్లు.

ఫుట్‌బాల్‌లో మాత్రం అతను ఉత్త బండమనిషి కాదు, ఈ మాట తక్కువమంది చెబుతారు. అయిదు సార్లు తూర్పు విభాగం ఆల్‌స్టార్, రెండు సార్లు మొత్తం లీగ్ ఆల్‌స్టార్. ఎదుటి లైన్‌వాడి వేళ్ల మీద ఎంత బరువుందో చూసి, పరుగో, పాసో ముందే పసిగట్టడం ఈ పనిలో అసలు విద్య. వేళ్లు తెల్లబడేంతగా నేలకి నొక్కితే ముందుకు దూకబోతున్నాడని, తేలిగ్గా ఆనిస్తే వెనక్కి జరగబోతున్నాడని గుర్తు. పదిహేను సీజన్లు లైన్‌లో నిలబడాలంటే బలం ఒక్కటే సరిపోదు, ఇలాంటివి చదవగలగాలి. అతనికి చదవడం వచ్చు. రాకపోతే మూడేళ్లకే వెనక్కి పంపేసేవాళ్లు.

1965లో గెలిచారు, 1967లో గెలిచారు. ఆ తర్వాత హామిల్టన్ కొన్నాళ్లు చల్లబడింది. 1972 డిసెంబర్ 3న ఫైనల్ సొంత ఊళ్లోనే, ఐవర్ విన్ స్టేడియంలో, సస్కాచెవాన్ మీద. 10-10తో సమంగా ఉండగా ఆఖరి క్షణంలో ఇయాన్ సంటర్ అనే కుర్రాడు 34 గజాల నుంచి తన్నిన బంతి స్తంభాల మధ్య నుంచి పోయింది. 13-10. మాస్కాకి అదే చివరి ఆట. 35 ఏళ్ల వయసు, సొంత జనం మధ్య, చేతిలో కప్పు. సినిమా అయితే అక్కడ శుభం కార్డు పడేది.

తర్వాతి పన్నెండేళ్లూ రింగ్‌లోనే, దేశమంతా, అమెరికా అంతా తిరుగుతూ. 1981లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బాబ్ బ్యాక్‌లండ్ మీద డబ్ల్యూడబ్ల్యూఎఫ్ టైటిల్‌కి పోటీ పడ్డాడు. ప్యాట్ ప్యాటర్సన్ అనే రెజ్లర్‌ను నీళ్ల జగ్గుతో కొట్టిన కథ అప్పటి అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు. కొడుకుని కూడా అదే రింగ్‌లోకి దించాడు. వయసు మీద పడ్డాక ప్రమోటర్ అయ్యి హామిల్టన్‌లో ‘మాస్కామేనియా’ పేరుతో తనే పెద్ద షోలు పెట్టాడు. 1987లో కెనడియన్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. రెజ్లింగ్ అంతా ముందే అనుకున్న నాటకమే కదా అంటారు. గెలుపోటములు నాటకం. చెక్కబల్ల మీద వీపు మోపి పడటం నాటకం కాదు. నెలకు ఎన్నిసార్లు పడ్డాడో, పడినప్పుడు తల ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టినవాడు లేడు.

2011లో స్టీవ్ మిల్టన్ అనే పత్రికా రచయితతో కలిసి మాస్కా ఆత్మకథ వేశాడు. ‘ఏమన్నా ఉంటే నా మొహం మీదే అను’ అన్నట్టుంటుంది దాని పేరు. అందులో ఫ్లెమింగ్ ఉన్నాడు, కాప్ ఉన్నాడు, రింగ్ ఉంది, అందరూ ఎదురుచూసినవన్నీ ఉన్నాయి. ఎవరూ ఎదురుచూడనిది ఒకటుంది. అతని తల్లిలో సగం నల్లజాతి రక్తం. ఆ సంగతి అతను 74 ఏళ్లు దాచాడు. 1940ల అమెరికాలో ఆ మాట బయటపడితే బడిలో ఎక్కడ కూర్చోబెడతారో, ఏ అమ్మాయి తండ్రి ఏమంటాడో చిన్నప్పుడే తెలిసిపోయింది. ఇటాలియన్ పేరుంది, మొహం చూస్తే ఎవరూ అడగరు. అడగలేదు గనక చెప్పలేదు. లాకర్ రూముల్లో నల్లవాళ్ల గురించి తెల్లవాళ్లు చెప్పుకునే మాటలు వింటూ, తను తెల్లవాళ్ల లెక్కలోనే కూర్చుని, ఇంటికెళ్లేవాడు.

నాకు ఈ మనిషి కథలో గుండె పట్టేసే చోటు ఇదే. దేశం మొత్తం తిడుతుంటే భరించాడు, ఆ తిట్లతోనే బతికాడు. రెజ్లింగ్ విలన్‌గా నడివీధిలో ఉమ్మించుకోవడానికి భయపడనివాడు తల్లి ఎవరో చెప్పడానికి భయపడ్డాడు. పిరికితనం అనను. ఆ భయం అతని ఒక్కడి సొంతం కాదు, ఒక దేశం కొన్ని తరాల పాటు పిల్లల్లో నాటిన భయం. అయితే అతని మొరటుతనంలో ఎంత సహజమో, ఎంత దాపరికమో ఆ పుస్తకం చదివాక విడదీసి చూడటం కష్టం. ఎదుటివాడు దగ్గరికొచ్చి పరీక్షగా చూడకుండా ఉండాలంటే వాడిని భయపెట్టడమే సులువు.

పుస్తకం వచ్చిన ఏడాదే, నవంబర్ 25న, వాంకూవర్‌లో గ్రే కప్ వారం. మాజీ ఆటగాళ్ల సంఘం వాళ్ల భోజన సభ. కష్టాల్లో ఉన్న పాత ఆటగాళ్ల సహాయ నిధి కోసం పెట్టింది. వేదిక మీద 74 ఏళ్ల మాస్కా చేతికర్ర పట్టుకుని కూర్చున్నాడు. పక్కన 73 ఏళ్ల జో కాప్. ఈ ఇద్దరినీ ఒక వేదిక మీద కూర్చోబెడితే జనానికి వినోదంగా ఉంటుందని ఎవరికో తోచింది, అసలు దోషం అక్కడుంది. కాప్ బల్ల మీది పూలగుత్తి నుంచి ఓ పువ్వు తీసి రాజీకి అన్నట్టు మాస్కా వైపు చాచాడు. మాస్కా బూతు తిట్టాడు. కాప్ ఆ పువ్వును మొహం మీదికి తోశాడు. మాస్కా చేతికర్ర ఎత్తి తల మీద కొట్టాడు. కాప్ పిడికిలితో గుద్దాడు, మాస్కా కుర్చీలోంచి వెల్లకిలా పడ్డాడు. పడ్డవాడిని కాప్ కాలితో తన్నాడు. మొదట హాల్లో కొందరు నవ్వారు, ముందే అనుకున్న వేషం అనుకున్నారు.

48 ఏళ్ల పాత దెబ్బకి జవాబు అది. ఎవరో వీడియో తీశారు. ఒక్క రోజులో లక్షలమంది చూశారు. కెనడా ఫుట్‌బాల్ ఎప్పుడూ చూడని దేశాల్లో కూడా ఇద్దరు ముసలాళ్లు కొట్టుకున్న వీడియో తిరిగింది. ఆ రెండు రోజుల తర్వాత జరిగిన ఫైనల్లో లయన్స్ గెలిచారు, ఆ సంగతి బయటి ప్రపంచానికి తెలీదు. మాస్కా జీవితంలో ఎంతమందినో భయపెట్టాడు. ఇప్పుడు కింద పడి లేవలేక తన్నులు తింటున్న ముసలివాడిగా తెలిశాడు. అతను చదివే ఉంటాడు, కింద రాసిన వ్యాఖ్యలు. నవ్వే ఎమోజీల వరస.

నాకు కాప్ మీదా కోపం రాదు. తన స్నేహితుడి తల పగిలిందన్న బాధను అర్ధ శతాబ్దం మోశాడు. మోతబరువు అలాంటిది, దించుకోవడం తెలియకపోతే మనిషినే వంచేస్తుంది. ఆ ఇద్దరి మధ్యా ఫ్లెమింగ్ లేడు. అతని పేరున జరిగిన యుద్ధం అది, అతను అడిగింది కాదు.

2015లో మాస్కాకి అల్జీమర్స్ అని తేలింది. దాచలేదు. భార్య హెలెన్‌తో కలిసి బయటికే చెప్పాడు. ఇన్నేళ్లు ఒక రహస్యాన్ని మోసినవాడికి ఇంకోటి మోసే ఓపిక లేకపోయిందేమో. అదే ఏడు హామిల్టన్ కొత్త స్టేడియంలో అతని 68వ నంబర్ జెర్సీని ఇక ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేశారు. టైగర్ క్యాట్స్ అప్పటిదాకా అలా పక్కన పెట్టింది ఒక్క నంబరే, క్వార్టర్‌బ్యాక్ బెర్నీ ఫలోనీ వేసుకున్న 10. బంతి విసిరేవాడి పక్కన ఆపేవాడికి చోటు దొరికింది. మాస్కా ఆడిన పాత ఐవర్ విన్ అప్పటికే నేలమట్టమైంది, దాని స్థలంలోనే కొత్తది కట్టారు.

జబ్బుకీ ఆటకీ సంబంధం ఉందా? మాస్కా విషయంలో ఉందని తేల్చి చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. అల్జీమర్స్ ఎప్పుడూ బంతి ముట్టనివాళ్లకీ వస్తుంది. అయితే 2017లో బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు చనిపోయిన ఫుట్‌బాల్ ఆటగాళ్ల మెదళ్లను పరీక్షించి ఫలితాలు బయటపెట్టారు. తలకు పదేపదే దెబ్బలు తగలడంతో ముడిపడ్డ సీటీఈ అనే జబ్బు అమెరికా ఎన్ఎఫ్ఎల్‌లో ఆడినవాళ్లలో 111 మందికి గాను 110 మందిలో కనిపించింది. కెనడా లీగ్‌లో ఆడినవాళ్లలో ఎనిమిదికి ఏడు. కుటుంబాలకు అనుమానం ఉన్నవాళ్ల మెదళ్లే దానంగా వచ్చాయి కాబట్టి ఈ లెక్కను ఆటగాళ్లందరికీ వర్తింపజేయకూడదని పరిశోధకులే అన్నారు. అది నిజమే. ఆ మాట విన్నాక కూడా ఎనిమిదికి ఏడు అన్న అంకెను తీసి పక్కన పెట్టడం నావల్ల కాదు.

ఈ జబ్బు సంగతి కోర్టుకి కూడా వెళ్లింది. లయన్స్‌తో సహా పలు జట్లకు ఆడిన ఆర్లాండ్ బ్రూస్ తలకు తగిలిన దెబ్బల గురించి 2014లో లీగ్ మీద దావా వేశాడు. ఆటగాళ్ల యూనియన్‌కీ లీగ్‌కీ ఒప్పందం ఉంది, తగువు ఆ మధ్యవర్తిత్వంలోనే తేల్చుకోవాలి, కోర్టుకి సంబంధం లేదన్నారు న్యాయమూర్తులు. 2018లో కెనడా సుప్రీం కోర్టు అప్పీలు వినడానికే ఒప్పుకోలేదు. దెబ్బలు తగిలాయా లేదా అన్న ప్రశ్న దాకా వెళ్లనే లేదు, ఏ గుమ్మం తట్టాలన్న దగ్గరే కేసు ఆగిపోయింది. మాస్కా తరానికైతే ఆ గుమ్మం కూడా లేదు. వాళ్లకి మిగిలింది ఏటా ఒక భోజన సభ.

అల్జీమర్స్ ముదిరిన ఇళ్లు చూసినవాళ్లకి వివరం చెప్పక్కర్లేదు. మొదట నిన్నటివి పోతాయి, తర్వాత మొన్నటివి, పాతవి చివరిదాకా పట్టుకుని వేలాడతాయి. 1963 సంగతులు 2011 కంటే ఎక్కువ కాలం నిలబడతాయి. పగలకూ అదే వరస, రుచులకూ అదే వరస. మాస్కాకి ఏది ఎప్పుడు పోయిందో ఇంట్లోవాళ్లకే తెలుసు, వాళ్ల దగ్గరే ఉండనిద్దాం. ఒక్కటి మాత్రం గమనించాలి. తల్లి సంగతి పుస్తకంలోకి ఎక్కింది రోగం తేలడానికి నాలుగేళ్ల ముందు. ఇంకొంచెం ఆలస్యం చేసి ఉంటే ఆ నిజం దాచాలన్న ఉద్దేశమూ లేకుండానే మరుగునపడేది.

2021 నవంబర్ 6న మాస్కా చనిపోయాడు. 84 ఏళ్లు. ఏడాదిన్నర తర్వాత, 2023 మే 8న, జో కాప్ పోయాడు, 85 ఏళ్లు. అతనూ చివరి ఏళ్లు డిమెన్షియాతోనే గడిపాడు. అమెరికా లీగ్ ఫైనలైన సూపర్ బౌల్, అక్కడి కాలేజీ పోటీ రోజ్ బౌల్, గ్రే కప్ మూడూ ఆడిన క్వార్టర్‌బ్యాక్ అతనొక్కడే. ఇద్దరి మరణవార్తలూ చాలా పత్రికల్లో చదివాను. భోజన సభలో కొట్లాట దాదాపు అన్నిట్లోనూ ఉంది, కొన్నిట్లో మొదటి పేరాలోనే. మాస్కా గెలిచిన అయిదు కప్పులూ ఆ తర్వాతి పేరాల్లో ఉన్నాయి. ఆ సీజన్లంతా అతని పక్కన లైన్‌లో నిలబడ్డవాళ్ల పేర్ల కోసం వెతికాను. ఎక్కువ వాటిలో దొరకలేదు.